తుపాకీ లైసెన్సు ఎవరికి? ఎందుకు?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు చదువు గురించో, మెస్ గురించో, గ్రూప్స్ ప్రిపరేషన్ గురించో రాద్దామనుకున్నాను. అవన్నీ ఈ సంచికలో ఎలాగూ ఉంటాయి. అందుకని మనవాళ్లు మామూలుగా రాయని సంగతి ఒకటి ఎత్తుకుంటున్నాను. తుపాకులు, వాటి లైసెన్సులు, 2019లో వాటి మీద వచ్చిన చట్టం, ఆ చట్టం గురించి తుపాకీ ఉన్నవాళ్లు ఏమన్నారన్నది. మనకూ తుపాకులకూ సంబంధమేమిటని అనుకునే మిత్రులు కొంచెం ఓపిక పట్టి చివరిదాకా చదవాలని మనవి.

2019 నవంబరు నెలాఖరు. అప్పటికి హాస్టల్ వదిలేసి అశోక్‌నగర్‌లో నలుగురం కలిసి ఒక గది తీసుకుని ఉన్నాం. పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయి సీటు పట్టుకోవడం, చీకటి పడ్డాక నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి టీ తాగి రావడం మా దినచర్య. ఆ టీ కొట్టు పక్కనే ఒక బ్యాంకు. దాని ముందు డబుల్ బ్యారల్ తుపాకీ భుజాన వేసుకుని ఒక పెద్దాయన డ్యూటీ చేసేవాడు. కరీంనగర్ వైపు మనిషి. మిలిటరీలో పనిచేసి వచ్చాడు. మనవాడే. నేను ఆయన్ని కాకా అని పిలిచేవాణ్ణి.

ఒకరోజు ఆయనే నన్ను ఆపి అడిగాడు. "తమ్మీ, నువ్వు లైబ్రరీల కూసుంటవ్ గదా, పేపర్లన్నీ జూస్తవ్. తుపాకుల మీద ఏదో కొత్త కాయిదా తెస్తున్నరట. ఉన్నయి గుంజుకుంటరట. నిజమేనా?"

నాకు తెలియదు. తెలుసుకుని చెప్తానన్నాను. అలా మొదలైంది ఈ వ్యవహారం.

ఆ రోజుల్లో పార్లమెంటు ముందున్నది ఆయుధాల సవరణ బిల్లు. 2019 నవంబరు 29న లోక్‌సభలో పెట్టారు. కేంద్ర హోం శాఖ తెచ్చిన బిల్లు అది. అప్పుడు ఆ శాఖ మంత్రి అమిత్ షా. సహాయ మంత్రి మన సికింద్రాబాద్ ఎంపీ జి. కిషన్ రెడ్డి. పరీక్షలు రాసేవాళ్లు ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తుపాకుల చట్టం చేసుకుంటుంది. అక్కడ తుపాకీ కలిగి ఉండే హక్కు రాజ్యాంగం రెండో సవరణలోనే ఉంది కాబట్టి ప్రతి చట్టమూ కోర్టు దాకా పోతుంది. మన దగ్గర అలా కాదు. ఆయుధాలు, మందుగుండు కేంద్ర జాబితాలో 5వ అంశం. చట్టం ఢిల్లీలో తయారవుతుంది. లైసెన్సు మాత్రం జిల్లాలో కలెక్టరో, హైదరాబాద్ లాంటి చోట పోలీస్ కమిషనరో ఇస్తారు. కాబట్టి మాట్లాడాల్సింది ఒకచోట, తిరగాల్సింది ఇంకోచోట.

బిల్లులో అన్నిటికంటే గొడవ రేపిన మాట ఒకటే. అప్పటిదాకా ఒక మనిషి మూడు లైసెన్సు తుపాకులు ఉంచుకోవచ్చు. ఈ మూడు అనే పరిమితి కూడా 1983 సవరణతో వచ్చిందే. అంతకుముందు లెక్కే లేదు. కొత్త బిల్లు ఆ మూడింటిని ఒకటి చేస్తానంది. తాతల నుంచి వచ్చిన తుపాకీ అయినా సరే ఆ ఒక్కదాని లెక్కలోకే వస్తుందంది.

ఇక చూడండి, దేశంలో తుపాకీ ఉన్నవాళ్లంతా లేచారు. ఒక్కొక్కరిది ఒక్కో బాధ. పంజాబ్‌కు అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న అమరీందర్ సింగ్ కేంద్రానికి ఉత్తరం రాసి, మాది సరిహద్దు రాష్ట్రం, రైతులు ఊరికి దూరంగా పొలాల్లో కాపురముంటారు, మూడు అలాగే ఉంచండని కోరారు. రాజస్థాన్ లాంటి చోట్ల పాత సంస్థానాల కుటుంబాలవాళ్లు ఇవి మా పెద్దల గుర్తులన్నారు. షూటింగ్ క్రీడాకారుల వాదన వేరు. ఒక పోటీకి వాడే తుపాకీ ఇంకో పోటీకి పనికిరాదు. పిస్టల్ వేరు, రైఫిల్ వేరు, ఎగిరే పళ్లాన్ని కొట్టే షాట్‌గన్ వేరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాదీ గగన్ నారంగ్ పేరు అందరికీ తెలుసు. 2002 జాతీయ క్రీడలప్పుడు గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ స్థలంలో కట్టిన షూటింగ్ రేంజి చూసినవాళ్లకు ఈ వాదన వెంటనే అర్థమవుతుంది.

తుపాకీదారుల సంఘాలు మాత్రం అసలు మూలం మీదకే వెళ్లాయి. హత్యలు చేసేవాడు లైసెన్సు తీసుకుని చేయడు, నాటు తుపాకీతో చేస్తాడు, మీరు వాణ్ణి వదిలేసి పోలీసు విచారణ చేయించుకుని, పుస్తకంలో నంబరు ఎక్కించుకుని, రెన్యువల్‌కు లైన్లో నిలబడే మా మీద పడతారేమిటని వాళ్ల ప్రశ్న. ఈ మాటలో నిజం లేకపోలేదు. జాతీయ నేర గణాంకాల్లో తుపాకీ హత్యల్లో ఎక్కువ భాగం లైసెన్సు లేని ఆయుధాలతోనే జరుగుతాయి. ఇంకోమాట కూడా అన్నారు. ఒక్కసారికి ఒక్క తుపాకీయే కదా కాల్చగలిగేది, మూడున్నా ఒకటున్నా తేడా ఏమిటని. ఈ రెండో మాట నాకు అంత గట్టిదిగా అనిపించలేదు. ఇంట్లో మూడు ఉంటే దొంగతనానికో, ఇంకొకరి చేతికి పోవడానికో మూడు దారులున్నట్టే కదా.

వాళ్లు పదేపదే గాంధీజీ పేరు కూడా తెచ్చేవారు. 1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో ఆంగ్లేయులు ఆయుధాల చట్టం చేశారు. తెల్లవాళ్లకు లైసెన్సు అక్కర్లేదు, మనవాళ్లకు కావాలి. జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఆ చట్టాన్ని గాంధీజీ గట్టిగా నిందించారు. అది వాస్తవమే. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో 1918లో జనాన్ని సైన్యంలో చేరమని పిలుస్తూ ఆయన ఆ మాట అన్నారని ఈ సంఘాలవాళ్లు చెప్పరు.

చివరికి ప్రభుత్వం ఒక మెట్టు దిగింది. ఒకటి అన్నది రెండైంది. డిసెంబరు 9న లోక్‌సభ, 10న రాజ్యసభ ఆమోదించాయి. 14 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. మూడో తుపాకీ ఉన్నవాళ్లు 2020 డిసెంబరు 13లోగా దాన్ని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో అప్పజెప్పాలి. పరిహారం మాట చట్టంలో లేదు. 1980ల నుంచి విదేశీ తుపాకుల దిగుమతి మామూలు మనిషికి మూసుకుపోయింది కాబట్టి పాత విలాయతీ తుపాకీకి బజారులో మంచి ధర ఉండేది. అలాంటిది ఉచితంగా వదులుకోవాలా అని వాళ్ల గోల. క్రీడాకారులకు మాత్రం 2020 ఫిబ్రవరిలో హోం శాఖ విడిగా వెసులుబాటు ఇచ్చింది.

మిగతా మార్పులు తక్కువ మాటల్లో చెప్తాను. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో, గుళ్ల దగ్గర సంబరానికి గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదకు తెస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దొంగతనంగా తుపాకులు తయారు చేసినా, అమ్మినా ఏడేళ్ల నుంచి యావజ్జీవం. పోలీసుల దగ్గరో, సైనికుల దగ్గరో తుపాకీ గుంజుకుంటే పదేళ్ల నుంచి యావజ్జీవం. వీటి మీద తుపాకీదారులెవరూ పెద్దగా నోరెత్తలేదు.

ఈ సంగతులన్నీ కాకాకు చెప్పాను. ఆయన విన్నది రెండే ముక్కలు. ఉన్న ఒక్క తుపాకీ పోదు. రెన్యువల్ ఐదేళ్లకోసారి. "గంతే గదా, సల్లగుండాలె" అన్నాడు. ఆ తర్వాత ఒకరోజు ఆయనే తన గోడు చెప్పుకొచ్చాడు. పత్రికల్లో నేను చదివిన ఏ తుపాకీదారూ చెప్పని గోడు అది.

మిలిటరీ నుంచి వచ్చాక తుపాకీ ఉన్న గార్డుకు మామూలు గార్డు కంటే జీతం ఎక్కువని 12 బోర్ తుపాకీకి లైసెన్సు పెట్టుకున్నాడు. అంటే ఆ తుపాకీ ఆయనకు టైలర్‌కు మిషన్ లాంటిది, ఆటోవాలాకు ఆటో లాంటిది. బాగ్‌లింగంపల్లిలో అద్దె గది. తుపాకీ ఉందంటే ఇల్లు ఇవ్వడానికి ఓనర్లు భయపడేవారు. కులం అడిగి ఇవ్వనివాళ్లు కొందరు, తుపాకీ చూసి ఇవ్వనివాళ్లు కొందరు అని నవ్వేవాడు. గదిలో ఇనుప పెట్టె, దానికి తాళం, తాళంచెవి మొలతాడుకు. పెళ్లికో చావుకో ఊరికి పోవాలంటే తుపాకీని గదిలో వదిలి పోలేడు, బస్సులో పట్టుకుని పోలేడు. డీలర్ దగ్గర డిపాజిట్ పెట్టి దానికి కిరాయి కట్టి పోవాలి. ఎన్నికలు వచ్చాయంటే ఇంకో తిప్పలు. కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయమంటారు. బ్యాంకు గార్డులకు మినహాయింపు ఉంటుంది, కానీ ఆ మినహాయింపు కాగితం బ్యాంకు నుంచి తెచ్చి స్టేషన్లో చూపించి ఒప్పించేదాకా డ్యూటీ ఉండదు, డ్యూటీ లేకపోతే జీతం ఉండదు.

"ఊర్ల ఎప్పుడన్న చూపించినవా కాకా తుపాకి?" అని అడిగాను.

"ఒక్కసారి తీస్కవోయిన. లైసెన్సు అయిన కొత్తల. మా అవ్వ గోనెసంచి కప్పింది దాని మీద. దొర సూస్తే ఏమంటడో అని. మళ్ల తీస్కపోలే."

అప్పటికి దొర ఊళ్లోనే లేడట. గడి కూలిపోయి చాలా ఏళ్లయిందట. అయినా అవ్వ గోనెసంచి కప్పింది.

మిత్రులారా, మన తాతముత్తాతలకు తుపాకీ అంటే గడిలో గోడకు వేలాడేది. నిజాం రాజ్యంలో ఆయుధం ఎవరి చేతిలో ఉండాలో నిజాం సర్కారూ, దేశ్‌ముఖులూ కలిసి చూసుకునేవారు. 1946 జులై 4న కడవెండిలో విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చిన తూటాకు దొడ్డి కొమరయ్య పడిపోయాడు. ఆయన వెంట ఉన్న జనం చేతుల్లో కర్రలూ, వడిసెలలూ ఉన్నాయి. ఆ తర్వాతనే తెలంగాణ రైతాంగం తుపాకీ పట్టింది. చాలా ఏళ్ల తర్వాత నక్సలైట్ల కాలంలో దొరల ఇళ్ల మీదకు దళాలు ముందు ఆ లైసెన్సు తుపాకుల కోసమే వచ్చేవి. అందుకని పోలీసులు ఊళ్లలో తుపాకులను స్టేషన్లలో పెట్టించారు. కొందరు దొరలు పట్నం వచ్చేశారు.

ఇక అసలు విషయానికి వస్తాను. కాకా ప్రశ్న కోసం చట్టాలు తిరగేస్తుంటే నాకు రెండు నిబంధనలు కనబడ్డాయి. సీటు దగ్గర కూర్చుని రెండు మూడుసార్లు చదువుకున్నాను.

మొదటిది 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. 14వ సెక్షన్. ఏయే కారణాలతో లైసెన్సు నిరాకరించవచ్చో చెప్తూ, రెండో ఉపవిభాగంలో, దరఖాస్తుదారుకు తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో నిరాకరించకూడదని రాశారు. తుపాకీ ఆస్తిపరుడి సొత్తు అన్న పాత అలవాటును చట్టం కాగితం మీద అరవై ఏళ్ల కిందటే తీసేసింది. లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, ఆయుధం జాగ్రత్తగా వాడటంలో శిక్షణ తీసుకోవాలి. భూమి పాస్‌బుక్ చూపించమని మాత్రం ఎక్కడా లేదు.

రెండోది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో ఉంది. మనలో చాలామంది ఆ చట్టం సెక్షన్లు బట్టీ పట్టి ఉంటారు, నియమాలు మాత్రం చదవరు. నేనూ చదవలేదు. మూడో నియమం చూడండి. దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాలను రాష్ట్ర ప్రభుత్వం గుర్తించాలి. అవసరమనుకుంటే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివారి, వాళ్ల దగ్గరి బంధువుల, నౌకర్ల, కుటుంబ మిత్రుల తుపాకీ లైసెన్సులు రద్దు చేసి ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. దొంగ తుపాకులు పట్టుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీల ప్రాణరక్షణ, ఆస్తిరక్షణ కోసం వాళ్లకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

ఇది చదివి గదికి వచ్చి చెప్పాను. ఆ రాత్రి మా నలుగురికీ నిద్ర లేదు. ఒకడు రేపే దరఖాస్తు పెడదామన్నాడు. ఒకడు, "అవసరమనుకుంటే" అన్న మాట ఉంది చూశావా, ఎవరు అనుకోవాలి, కలెక్టర్ అనుకోవాలి, ఆయన అనుకుంటాడా అన్నాడు. ఇంకొకడు గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాడు. వాడు నెమ్మదిగా అన్నాడు, మావైపు తుపాకులతో చంపలేదు, గొడ్డళ్లతో, బరిసెలతో చంపారని. 1985 జులై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. వాడన్నది నిజమే. కారంచేడులో ఆరుగురు, చుండూరులో ఎనిమిది మంది. అక్కడ ఎంతమందికి లైసెన్సు తుపాకులున్నాయన్నది కాదు ప్రశ్న, ఎంతమంది కలిసి వచ్చారన్నది. అలాంటి మూకకు ఎదురుగా ఒక ఇంట్లో ఒక 12 బోర్ తుపాకీ, రెండు తూటాలు ఉంటే ఏమవుతుంది? రెండుసార్లు కాల్చాక? మళ్లీ కేసు ఎవరి మీద?

కానీ బిహార్ సంగతి వేరు. 1997 డిసెంబరు 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మంది దళితులను చంపింది తుపాకులతోనే. లైసెన్సులు రద్దు చేయమన్న నియమం అప్పటికి రెండేళ్లుగా పుస్తకంలో ఉంది.

నా ఉద్దేశం ఏమిటంటే, మూడో నియమంలో మనం గట్టిగా అడగాల్సింది లైసెన్సు ఇచ్చే భాగాన్ని కాదు, రద్దు చేసే భాగాన్ని. నలుగురు స్నేహితుల్లో ఇద్దరు అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోరు.

అంబేడ్కర్ ఏమన్నారో చూడాలనిపించింది. 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కు ఉండేది. 1948 డిసెంబరు మొదట్లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని రాజ్యాంగంలో చేర్చాలన్నారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఆంగ్లేయుల కాలంలో ఆ కోరికకు కారణముంది, ఇప్పుడు పరిస్థితి వేరన్నారు. ప్రతివాడూ బజారుకు పోయి అడ్డూ అదుపూ లేకుండా దాడికి పనికొచ్చేవన్నీ కొనుక్కోగలిగితే ప్రభుత్వం పాలన ఎలా చేస్తుందని అడిగారు. సభ ఆయన మాటే విన్నది. అందుకే మన రాజ్యాంగంలో 19(1)(బి) శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు ఇస్తుంది. తుపాకీ హక్కు ఎక్కడా లేదు. 2023 ఫిబ్రవరిలో లైసెన్సు లేని తుపాకీ కేసు ఒకటి వచ్చినప్పుడు సుప్రీంకోర్టు కూడా, అమెరికాలో లాగా ఇక్కడ ఆయుధం ప్రాథమిక హక్కు కాదని గుర్తు చేసింది.

హక్కు కాదు, లైసెన్సు. లైసెన్సు అంటే అధికారి దయ. మరి ఆ దయ ఎలా పంచారో చూస్తే 2016 డిసెంబరు నాటికి హోం శాఖ లెక్కలో దేశంలో 33.69 లక్షల లైసెన్సులుంటే ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12.77 లక్షలు. జమ్మూ కాశ్మీర్‌లో 3.69 లక్షలు. ఆ జమ్మూ కాశ్మీర్ లైసెన్సుల్లో 2.78 లక్షలకు పైగా అనర్హులకు డబ్బు తీసుకుని ఇచ్చారన్న ఆరోపణల మీద సీబీఐ విచారణ జరిపింది. మన పొరుగున కొడగులో కొడవలకైతే లైసెన్సే అక్కర్లేదు. వాళ్లు కైల్‌పొళ్దు పండుగకు తుపాకీకి పూజ చేస్తారు. ఆ మినహాయింపును కేంద్రం 2019 అక్టోబరులో, అంటే బిల్లు పెట్టడానికి సరిగ్గా నెల ముందు, 2029 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు సరేనంది. ఒక కులానికి పుట్టుకతో వచ్చే మినహాయింపు, ఇంకో కులానికి "అవసరమనుకుంటే" లైసెన్సు.

లైసెన్సున్నవాడు బుద్ధిమంతుడే అనే మాటకు కూడా హద్దుంది. 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో చిన్నపాటి తగాదాలో ఒక స్థానిక నాయకుడు తన లైసెన్సు తుపాకీతో కాల్చాడు. గాయపడ్డవారిలో ఒకరు తర్వాత చనిపోయారు. కోర్టు ఆయనకు యావజ్జీవం వేసింది. ఇక తుపాకీ అడిగినవాడికల్లా దొరికే దేశం సంగతి ఈ అశోక్‌నగర్, నారాయణగూడ గల్లీల నుంచి వీసా పట్టుకుని వెళ్లినవాళ్ల తల్లిదండ్రులకు తెలుసు. 2017 ఫిబ్రవరిలో కన్సాస్‌లోని ఒలేత్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక బార్‌లో కాల్చి చంపారు. మరుసటి ఏడు కన్సాస్ సిటీలో వరంగల్ విద్యార్థి శరత్ కొప్పు.

కాకా గురించి చెప్పి ముగిస్తాను. 2020 లాక్‌డౌన్ తర్వాత ఆయనకు ఆరోగ్యం బాగాలేదు. డ్యూటీ మానేశాడు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు తన దగ్గర ఉన్నా దాన్ని వారసుడి పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారసుడికి లైసెన్సు రావాలి, అంతే. కాకాకు 25 ఏళ్లు నిండాయి. ఫారం నేనే నింపి ఇచ్చాను. కొడుకు మన హాస్టల్లోనే డిగ్రీ చదివాడు. సంతకం పెట్టమంటే పెట్టలేదు. నాకొద్దు నాయినా, అమ్మెయ్యి అన్నాడు. కాకా కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అమ్మితే ఏమొస్తది తమ్మీ?" అని నన్నడిగాడు.

డీలర్‌ను అడిగి వచ్చాం. ఆయన చెప్పిన ధర విని కాకా తుపాకీని తిరిగి బాగ్‌లింగంపల్లి తీసుకుపోయాడు. నేను ఇది రాస్తున్న నాటికి అది ఆ ఇనుప పెట్టెలోనే ఉంది. మళ్లీ రెన్యువల్‌కు ఫారం తెమ్మని మొన్న ఫోన్ చేశాడు.